థోరియంకి 1,400 కోట్ల ఏళ్ళు, పొలోనియంకి రెప్పపాటు కూడా లేదు: కేంద్రకం ఆకారం, బలాలు, అర్ధాయువు

(రికార్డింగ్ నుంచి రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్ళకి వినిపిస్తోంది కదా? సరే, రెండు అంకెలతో మొదలుపెడతాను. బోర్డు మీద రాసి పెట్టాను, చూడండి. థోరియం-232 అర్ధాయువు సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు. పేరు పక్కన ఉన్న అంకె కేంద్రకంలోని ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం. అంటే ఇప్పుడు ఉన్న థోరియంలో సగం క్షయం కావడానికి అంతకాలం పడుతుంది. పొలోనియం-212 అర్ధాయువు ఎంత? ఒక సెకనుని కోటి భాగాలు చేస్తే అందులో మూడు భాగాలు.

రెండూ బరువైన కేంద్రకాలే. రెండూ ఆల్ఫా కణాన్నే వదులుతాయి. ఆల్ఫా కణం అంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు కలిసి ఉన్న హీలియం కేంద్రకం. రెండింటి లోపలా పనిచేసే బలాలు అవే. మరి ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? ఒకదాన్ని మరొకదానితో భాగిస్తే 1 పక్కన 24 సున్నాలు వస్తాయి. ఇరవై నాలుగు సున్నాలు! ప్రకృతిలో ఒకే రకమైన సంఘటన ఇంత వేర్వేరు వేగాలతో జరగడం ఇంకెక్కడైనా చూశామా? ఈ ప్రశ్న నన్ను విద్యార్థిగా ఉన్నప్పుడే పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

1911లో గైగర్, నటాల్ ఒక సంగతి గమనించారు. ఆల్ఫా కణం ఎంత ఎక్కువ శక్తితో బయటికి వస్తే, ఆ కేంద్రకం అర్ధాయువు అంత తక్కువ. థోరియం నుంచి వచ్చే ఆల్ఫా శక్తి సుమారు 4 ఎంఈవీ. ఎంఈవీ అంటే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు, కేంద్రకాల శక్తిని కొలిచే ప్రమాణం; ఈ మాట మళ్ళీ మళ్ళీ వస్తుంది. పొలోనియం-212 ఆల్ఫా శక్తి దాదాపు 8.8 ఎంఈవీ. శక్తి రెండింతలకి కొంచెం పైన. ఆయుర్దాయంలో తేడా మాత్రం ఇరవై నాలుగు సున్నాలు. నియమం అయితే దొరికింది. కారణం చెప్పడానికి ఇంకో 17 ఏళ్ళు పట్టింది.

ఆ కారణం తెలియాలంటే కేంద్రకంలో ఏ బలాలు ఉన్నాయో చూడాలి. ఒకటి ప్రబల బలం. ప్రోటాన్లనీ న్యూట్రాన్లనీ కట్టి ఉంచేది అదే. చాలా గట్టిది, కానీ చాలా పొట్టిది. ఒకటి రెండు ఫెమ్టోమీటర్ల దూరం దాటితే ఇక లేనట్టే. ఫెమ్టోమీటర్ అంటే మిల్లీమీటర్‌లో లక్ష కోట్ల వంతు. రెండోది విద్యుత్ వికర్షణ. ప్రోటాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ఇది ప్రబల బలం అంత గట్టిది కాదు గానీ దూరంగా కూడా పనిచేస్తుంది. ఇప్పుడు ఆల్ఫా కణం కేంద్రకం అంచున ఉందనుకోండి. లోపలికి ప్రబల బలం లాగుతోంది. అంచు దాటితే విద్యుత్ బలం బయటికి తోస్తుంది. ఈ రెండింటి మధ్య ఒక శక్తి అవరోధం లేస్తుంది. మేం దాన్ని గోడ అంటాం. యురేనియంలో ఆ గోడ ఎత్తు 25 ఎంఈవీ పైమాటే. ఆల్ఫా దగ్గర ఉన్న శక్తి? 4 చిల్లర.

ఇక్కడే రూథర్‌ఫర్డ్‌ని ఇబ్బంది పెట్టిన చిక్కు ఉంది. 8.8 ఎంఈవీ ఆల్ఫాలతో బయటి నుంచి కొట్టినా యురేనియం కేంద్రకంలోకి చొరబడడం లేదు. కానీ అదే యురేనియం లోపలి నుంచి 4.2 ఎంఈవీ ఆల్ఫా బయటికి వస్తోంది! సగం శక్తి ఉన్నది ఎలా దాటింది? 1928లో గామోవ్ ఒకవైపు, గర్నీ, కాండన్ ఇంకోవైపు, విడివిడిగా ఒకే జవాబు చెప్పారు. అది గోడ ఎక్కి దూకడం లేదు, గోడలోంచే వస్తోంది. క్వాంటమ్ నియమాల ప్రకారం కణానికి తరంగ స్వభావం ఉంది, ఆ తరంగం గోడ లోపల ఒక్కసారిగా ఆగిపోదు, సన్నబడుతూ పోతుంది. అవతల కొసరు మిగిలితే, ఎప్పుడో ఒకప్పుడు కణం బయట కనిపిస్తుంది. దీన్నే టన్నెలింగ్ అంటాం.

సన్నబడడం అన్నాను కదా, అది ఘాతీయంగా జరుగుతుంది. ఈ ఒక్క ముక్క గట్టిగా పట్టుకోండి, మిగిలిన ప్రసంగమంతా దీని మీదే నడుస్తుంది. యురేనియం-238లో ఆల్ఫా దాటాల్సిన గోడ మందం దాదాపు 50 ఫెమ్టోమీటర్లు. పొలోనియం-212లో 17 ప్రాంతం. మూడో వంతు మందం, అంతే. అయినా గోడలో ప్రతి ఫెమ్టోమీటరుకీ అవకాశం రెట్ల లెక్కన పడిపోతుంది కాబట్టి చివరికి అన్ని సున్నాలు తేలతాయి. ఆల్ఫా లోపల కదులుతూ సెకనుకి 1 పక్కన 21 సున్నాలన్ని సార్లు అంచుని తాకుతుందని లెక్క. అన్ని ప్రయత్నాలు చేస్తూ కూడా యురేనియంలో సగటున వందల కోట్ల ఏళ్ళు లోపలే ఉండిపోతుంది.

గుండ్రంగా లేని కేంద్రకాలు

ఇంతవరకూ నేను కేంద్రకాన్ని గుండ్రటి బంతిగా ఊహించుకుని మాట్లాడాను. కానీ కేంద్రకాలన్నీ గుండ్రంగా ఉంటాయా? ఉండవు. ప్రోటాన్లు గానీ న్యూట్రాన్లు గానీ 2, 8, 20, 28, 50, 82 లెక్కన నిండినప్పుడు, న్యూట్రాన్లయితే 126 దగ్గర కూడా, వాటి కక్ష్యలు పూర్తిగా నిండి కేంద్రకం గుండ్రంగా కుదురుకుంటుంది. వీటిని మ్యాజిక్ సంఖ్యలు అంటారు. సీసం-208లో 82 ప్రోటాన్లు, 126 న్యూట్రాన్లు, రెండూ మ్యాజిక్కే. అది చక్కటి గోళం. ఈ సంఖ్యలకి దూరంగా పోయేకొద్దీ, సగం నిండిన కక్ష్యల్లోని కణాలు మిగతా కేంద్రకాన్ని తమ వైపు లాగుతాయి. దాంతో ఆకారం సాగుతుంది. యురేనియం-238 అలా సాగినదే. దాని పొడుగు అడ్డం కంటే సుమారు నాలుగో వంతు ఎక్కువ. ఈ సామూహిక ఆకారాన్ని, విడి కణాల కదలికని కలిపి వివరించినందుకే ఆగే బోర్, మోటెల్సన్, రెయిన్‌వాటర్‌లకి 1975లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు గోడ దగ్గరికి రండి. సాగిన కేంద్రకం కొన దగ్గర ప్రబల బలం కొంచెం బయటి దాకా చేరుతుంది. అంటే గోడ లోపలి అంచు బయటికి జరిగింది. ఎంత? ఒక ఫెమ్టోమీటరు ప్రాంతం. ఒక ఫెమ్టోమీటరుకి ఏమవుతుందిలే అనుకుంటున్నారా? లెక్క వేసి చూడండి. గోడ బాగా ఎత్తుగా ఉండేది సరిగ్గా అక్కడే. అక్కడ ఒక్క ఫెమ్టోమీటరు తగ్గితే దాటే అవకాశం పదుల రెట్లు పెరుగుతుంది. నడుము దగ్గర దీనికి వ్యతిరేకం, అక్కడ గోడ మందం పెరుగుతుంది. కాబట్టి సాగిన కేంద్రకం ఆల్ఫాని కొనల నుంచి ఎక్కువగా వదలాలి. హిల్, వీలర్ 1953లోనే ఈ మాట అన్నారు. తర్వాత కేంద్రకాలని అతి తక్కువ ఉష్ణోగ్రతల్లో ఒకే దిశకి నిలబెట్టి, ఏ దిశలో ఎన్ని ఆల్ఫాలు వస్తున్నాయో కొలిచారు. అన్ని దిశల్లోనూ సమానంగా రాలేదు.

అన్ని దిశలూ కలిపి చూస్తే ఆకారం వల్ల మొత్తం అర్ధాయువు కొన్ని రెట్లు మారుతుంది. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆల్ఫా క్షయంలో పెద్ద పాత్ర శక్తిదే. ఆకారానిది దాని తర్వాతి స్థానం. అయితే ఆ శక్తిని కూడా నిర్ణయించేది లోపలి అమరికే కదా? పొలోనియం-210లో 126 న్యూట్రాన్లు, దాని అర్ధాయువు 138 రోజులు. ఇంకో రెండు న్యూట్రాన్లు చేర్చండి. పొలోనియం-212 వస్తుంది, అదే మన బోర్డు మీది సెకనులో కోటి వంతుల లెక్క. మ్యాజిక్ సంఖ్య దాటి వచ్చిన ఆ రెండు న్యూట్రాన్లకి పట్టు తక్కువ. ఆల్ఫా వాటిని తీసుకుని పోతే మిగిలేది సీసం-208. అది అంత గట్టిగా కుదురుకున్న కేంద్రకం కాబట్టి విడుదలయ్యే శక్తి ఒక్కసారిగా పెరిగింది.

శక్తి ఒక్కటే చాలదని చూపించే జంట ఇంకోటి చెప్తాను. యురేనియం-235, యురేనియం-236. ఆల్ఫా క్షయంలో 235కి అందే శక్తి 4.68 ఎంఈవీ, 236కి 4.57. శక్తి ఎక్కువ ఉన్నది త్వరగా పోవాలి కదా? కానీ 236 అర్ధాయువు 2 కోట్ల 34 లక్షల ఏళ్ళు, 235 అర్ధాయువు 70 కోట్ల ఏళ్ళు. ముప్ఫై రెట్లు ఎక్కువ! ఎందుకంటే 235లో ఒక న్యూట్రాన్ జత లేకుండా ఉంది. ప్రోటాన్లు, న్యూట్రాన్లు జతలు కట్టే ధోరణి ఒకటి ఉంది, ఆ జతల నుంచే ఆల్ఫా సులువుగా తయారవుతుంది. ఒంటరి న్యూట్రాన్ తన కక్ష్య మార్చుకోవడానికి ఒప్పుకోదు. అందుకని 235 ఎక్కువగా, ఆ న్యూట్రాన్ అదే కక్ష్యలో ఉండిపోయే థోరియం-231 ఉత్తేజిత స్థితికి, అంటే అదనపు శక్తి మిగిలి ఉన్న స్థితికి, పోతుంది. దానికి కొంత శక్తి వదులుకోవాలి, అంటే మందపాటి గోడ దాటాలి. భూమి పుట్టినప్పటి యురేనియం-235 ఇంకా మనకి మిగిలి ఉండడంలో ఈ ఒంటరి న్యూట్రాన్ పాత్ర పెద్దది.

ఇంకొక్కటి, త్వరగా చెప్పేసి ముందుకి వెళ్తాను. సీసం-186లో దాదాపు ఒకే శక్తి దగ్గర మూడు ఆకారాలు ఉన్నాయి: గుండ్రటిది, అప్పడంలా నొక్కుకున్నది, కోలగా సాగినది. పొలోనియం-190 ఆల్ఫా వదిలి సీసం-186గా మారేటప్పుడు ఏ స్థితికి ఎంత వేగంగా పోతోందో కొలిచే ఆ ఆకారాలని గుర్తించారు, 2000లో. ముందున్న కేంద్రకం, తర్వాతి కేంద్రకం ఆకారాలు కలిస్తే దారి సులువు, కలవకపోతే కష్టం. అర్ధాయువు అంటే మనం పుస్తకంలో బట్టీ పట్టే అంకె అనుకుంటాం. నాకు మాత్రం అది కేంద్రకం లోపలి నుంచి వచ్చిన సమాచారం. బలాలు ఎలా ఉన్నాయి, ఆకారం ఏమిటి, అమరిక ఎలా మారింది, అన్నీ ఆ అంకెలో ఉన్నాయి.

కార్బన్-14 ఎందుకు ఆగింది?

ఆల్ఫాని వదిలి బీటాకి వద్దాం. ఇక్కడ గోడ లేదు. దుర్బల బలం ఒక న్యూట్రాన్‌ని ప్రోటాన్‌గా మారుస్తుంది, ఒక ఎలక్ట్రాన్, యాంటీన్యూట్రినో అనే విద్యుదావేశం లేని అతి తేలికైన కణం బయటికి పోతాయి. 1934లో ఫెర్మి దీనికి సిద్ధాంతం రాశాడు. శక్తి ఎక్కువ ఉంటే ఇక్కడా వేగం ఎక్కువ, దాదాపు శక్తి ఐదో ఘాతం లెక్కన. కానీ ఇంకో షరతు ఉంది. క్షయానికి ముందు ఉన్న కణాల అమరిక, తర్వాత ఉండబోయే అమరిక ఒకదానితో ఒకటి పొసగాలి.

కార్బన్-14 పేరు మీకందరికీ తెలుసు. 1940లో కామెన్, రూబెన్ కనిపెట్టారు, లిబ్బీ దానితో పురాతన వస్తువుల వయసు కట్టే పద్ధతి తెచ్చాడు. అర్ధాయువు సుమారు 5,730 ఏళ్ళు. ఈ అంకె ఎంత వింతదో ఎప్పుడైనా ఆలోచించారా? పక్కన హీలియం-6ని పెట్టండి. రెండింటిలోనూ స్పిన్, అంటే కేంద్రకానికి ఉండే తిరుగుడు కొలత, సున్నా నుంచి ఒకటికి మారుతుంది. నియమాల ప్రకారం రెండూ అనుమతి ఉన్న క్షయాలే, ఏ అడ్డూ లేదు. హీలియం-6 అర్ధాయువు 0.8 సెకను. దాని శక్తి 3.5 ఎంఈవీ, కార్బన్-14ది 0.156. సరే, శక్తి తేడాని పూర్తిగా లెక్కలో తీసేద్దాం. అప్పుడు కూడా కార్బన్-14 దాదాపు పది లక్షల రెట్లు నెమ్మది! హీలియం-6 లాగే ప్రవర్తించి ఉంటే రెండు రోజుల్లో సగం అయిపోయేది.

మరి ఆపింది ఎవరు? క్షయం రేటు లెక్కలో రకరకాల అమరికల నుంచి భాగాలు వచ్చి కూడుతాయి. కొన్ని ధనం, కొన్ని రుణం. కార్బన్-14లో అవి దాదాపు పూర్తిగా ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలేది చిన్న శేషం, దాని వర్గమే మనకి కనిపించే రేటు. ఈ రద్దు ఎందుకు జరుగుతుంది? కేంద్రక బలంలో స్పిన్ దిశని బట్టి మారే భాగం ఒకటుంది, టెన్సర్ బలం అంటాం. 1950ల నుంచే దాని మీద చూపు పడింది. 2011లో ఓక్ రిడ్జ్‌లోని జాగ్వార్ సూపర్ కంప్యూటర్ మీద 14 కణాలనీ కలిపి మొదటి నుంచి లెక్క వేశారు. కేవలం రెండేసి కణాల మధ్య బలాలు పెడితే క్షయం మరీ వేగంగా వచ్చింది. మూడు కణాలు ఒకేసారి దగ్గరగా ఉన్నప్పుడు అదనంగా పుట్టే మూడు కణాల బలాన్ని చేరిస్తే రద్దు జరిగింది, క్షయం నెమ్మదించింది.

మళ్ళీ చెప్తాను, ఎందుకంటే ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. రెండు కణాల బలాలని కూడితే రాని ఒక చిన్న బలం ఉంది. మామూలు కొలతల్లో దాని ఉనికి పట్టుకోవడం కష్టం. ఆ చిన్న బలం వల్ల ఒక కేంద్రకం వేల ఏళ్ళు నిలుస్తోంది, దానివల్ల మనం వేల ఏళ్ళ నాటి బొగ్గు ముక్క వయసు చెప్పగలుగుతున్నాం.

బీటా క్షయంలో స్పిన్ ఎక్కువగా మారాల్సి వస్తే ఇంకా పెద్ద ఆలస్యాలు వస్తాయి. పొటాషియం-40కి 4 నుంచి 0కి మారాలి, అందుకే 125 కోట్ల ఏళ్ళు. ఇండియం-115కి 9/2 నుంచి 1/2కి మారాలి, 4 పక్కన 14 సున్నాల ఏళ్ళు. వీటి మీద ఇంతకన్నా ఆగను. ఆకారానికి కూడా బీటాలో పాత్ర ఉంది. స్ట్రాన్షియం-76 బీటా క్షయం ఏ శక్తుల దగ్గర ఎంత జరుగుతోందో కొలిచి, అది కోలగా సాగిన కేంద్రకమని 2004లో తేల్చారు.

ఇక గామా క్షయం. ఉత్తేజిత స్థితిలో ఉన్న కేంద్రకం అదనపు శక్తిని గామా కిరణంగా వదిలేయడం ఇది, మామూలుగా సెకనులో లక్ష కోట్ల వంతుల్లో అయిపోయే పని. కానీ హాఫ్నియం-178లో ఒక ఉత్తేజిత స్థితి ఉంది, 2.45 ఎంఈవీ శక్తి పెట్టుకుని 31 ఏళ్ళ అర్ధాయువుతో ఉంటుంది. ఎలా? హాఫ్నియం సాగిన కేంద్రకం, కాబట్టి దానికి ఒక అక్షం ఉంది. గుండ్రటి దానికి ప్రత్యేకంగా అక్షం అంటూ ఉండదు, గమనించండి. ఈ స్థితిలో స్పిన్ 16, అదంతా ఆ అక్షం వెంట ఉంది. కింది స్థితుల్లో అక్షం వెంట ఉన్న భాగం చాలా తక్కువ. కిందికి దిగాలంటే స్పిన్ పరిమాణం మారితే చాలదు, అక్షంతో దాని దిశ కూడా బాగా మారాలి. గామా కిరణం ఒక్కసారిగా అంత మార్పు తీసుకుపోలేదు. ఇక్కడ ఆకారం రెండో స్థానంలో లేదు, ఆకారమే మొత్తం కథ.

టాంటలమ్-180 ఇంకా విచిత్రం. దాని భూస్థితి, అంటే అన్నిటికన్నా తక్కువ శక్తి ఉన్న స్థితి, 8 గంటల్లో సగం పోతుంది. స్పిన్ 9 ఉన్న ఉత్తేజిత స్థితి మాత్రం ప్రకృతిలో దొరుకుతుంది! అది క్షయం కావడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు. 1 పక్కన 17 సున్నాల ఏళ్ళ కంటే ఎక్కువే ఉంటుందని ప్రయోగాలు చెప్తున్నాయి.

ఇక ఆకారం తన బలమంతా చూపించేది విచ్ఛిత్తిలో. 1940లో ఫ్లెరోవ్, పెట్రజాక్ యురేనియం ఎవరూ తాకకుండానే దానంతట అది చీలుతుందని కనిపెట్టారు. కాస్మిక్ కిరణాల వల్ల కాదని రూఢి చేసుకోవడానికి మాస్కో మెట్రో స్టేషన్ లోతుల్లో కొలిచారు. యురేనియం-238లో సుమారు 18 లక్షల ఆల్ఫా క్షయాలకి ఒక్క విచ్ఛిత్తి. చీలాలంటే కేంద్రకం సాగి సాగి నడుము సన్నబడాలి, ఆ సాగడంలోనే శక్తి గోడ ఉంది. 1962లో సోవియట్ యూనియన్‌లోని దుబ్నా ప్రయోగశాలలో అమెరిషియం-242లో 14 మిల్లీసెకన్ల అర్ధాయువుతో విచ్ఛిత్తి కనిపించింది. అంత త్వరగా ఎలా? 1967లో స్ట్రుటిన్‌స్కీ జవాబు చెప్పాడు. గోడకి ఒక శిఖరం కాదు, రెండు ఉన్నాయి. మధ్య లోయలో కేంద్రకం పొడుగు అడ్డానికి రెండింతలు ఉండే ఆకారంలో చిక్కుకుంది. అది దాటాల్సింది రెండో గోడ ఒక్కటే.

చివరిగా ఫెర్మియం. ఫెర్మియం-256 అర్ధాయువు రెండున్నర గంటల పైన. రెండే రెండు న్యూట్రాన్లు చేర్చి 258 చేయండి, మిల్లీసెకనులో మూడో వంతు ప్రాంతం. రెండున్నర కోట్ల రెట్ల తేడా! 258 సరిగ్గా రెండు సగాలుగా చీలితే ఒక్కొక్క ముక్కలో 50 ప్రోటాన్లు, 79 న్యూట్రాన్లు. మ్యాజిక్ సంఖ్యలైన 50, 82కి అంత దగ్గర. చీలకముందే ఆ రెండు గుండ్రటి ముక్కల ఆకారం లోపల రూపు కడుతుంది, బయటి గోడ దాదాపు మాయమైపోతుంది.

ఇందాక ముందు వరసలో ఒకరు అడిగారు, వేడి చేస్తే, ఒత్తిడి పెడితే క్షయం వేగం మారదా అని. మామూలు వేడికీ ఒత్తిడికీ పెద్దగా మారదు. అవి అందించే శక్తి కేంద్రక శక్తుల ముందు లెక్కలోకి రాదు. కానీ చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్లని పూర్తిగా తీసేస్తే కొన్నిటికి కథ మారుతుంది. రీనియం-187 బీటా క్షయంలో శక్తి అతి తక్కువ, 2.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. మామూలు పరమాణువుగా దాని అర్ధాయువు 4,200 కోట్ల ఏళ్ళు. జర్మనీలో జీఎస్ఐ ప్రయోగశాలలో 1996లో దాని 75 ఎలక్ట్రాన్లనీ ఊడబెరికి రింగులో తిప్పుతూ కొలిస్తే 33 ఏళ్ళు వచ్చింది. పుట్టిన ఎలక్ట్రాన్ బయటికి పోకుండా ఖాళీగా ఉన్న కక్ష్యలోనే కూర్చోగలిగింది, దానివల్ల క్షయానికి దొరికే శక్తి పెరిగింది. నక్షత్రాల లోపల ఎలక్ట్రాన్లు ఊడిపోయి ఉంటాయి కాబట్టి, రీనియంతో విశ్వం వయసు లెక్కగట్టేవాళ్ళు దీన్ని వదిలేయడానికి వీల్లేదు.

బోర్డు మీద అంకెలు తుడవను, అలాగే ఉంచుతున్నాను. ఫెర్మియం గురించి గానీ కార్బన్ రద్దు గురించి గానీ గుచ్చి గుచ్చి అడగాలనుకునేవాళ్ళు ఇప్పుడు చెయ్యి ఎత్తండి, విద్యార్థులకి ముందు అవకాశం ఇద్దాం.